ఒసాకా పుల్లీ, కరవది చెవి

ఆరు వారాల పాటు మా ఇంట్లో ప్రతి రికార్డూ తప్పు వేగంతో తిరిగింది. నాకు తెలియలేదు. ముప్పై అయిదేళ్ళుగా జాజ్ వింటున్నానని, నాకు చెవి ఉందని నలుగురిలో కాస్త గొప్పలు పోయే మనిషిని. చివరికి ఆ తప్పు పట్టుకున్నది కంటి ఆసుపత్రికి చూపించుకోవడానికి కరవది నుంచి వచ్చిన ఒక సన్నాయి పెద్దాయన. జాజ్ అనే మాట ఆయన అంతకు ముందు ఎప్పుడూ వినలేదు.

ఆ కథ చెప్పాలంటే ముందు మా బావమరిది గురించి, తర్వాత గ్రానైటు గురించి, ఆ తర్వాత జపాన్ కరెంటు గురించి చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి.

నాది ఒంగోలు. చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో లెక్కలు రాస్తాను. జాజ్ ఎలా అంటుకుందని అందరూ అడుగుతారు కాబట్టి అది త్వరగా చెప్పేస్తాను. 1988లో డిగ్రీ చదివేటప్పుడు రాత్రిపూట నాన్న రేడియోలో షార్ట్‌వేవ్ తిప్పుతుంటే వాయిస్ ఆఫ్ అమెరికా తగిలింది. విల్లిస్ కోనోవర్ అని ఒకాయన, 1955 నుంచి అందులో జాజ్ కార్యక్రమం చేస్తున్నాడు. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవాళ్ళ కోసం ఒక్కో మాటా విడదీసి, నింపాదిగా, బరువైన గొంతుతో చెప్పేవాడు. నా ఇంగ్లీషుకి ఆ నిదానమే దిక్కు. స్టేషన్ నిలిచేది కాదు, శబ్దం పెరిగేది, తగ్గేది, మధ్యలో కొట్టుకుపోయేది. జాజ్ అంటేనే అలా వస్తూ పోతూ ఉండే సంగీతం కాబోలనుకుని రెండేళ్ళు గడిపాను. తర్వాత మంచి క్యాసెట్లో వింటే ఏదో వెలితిగా అనిపించింది కూడా.

మొదటి ఎల్పీ 1993లో కొన్నాను. ఉద్యోగం ఇంటర్వ్యూకి మద్రాసు వెళ్ళినప్పుడు ఫుట్‌పాత్ మీద అమెరికా పియానిస్టు బ్రూబెక్‌ది ఒక పాత రికార్డు దొరికింది. ఇంటర్వ్యూ పోయింది. రికార్డు మిగిలింది. ఈ డేవ్ బ్రూబెక్ 1958లో మద్రాసు వచ్చి మృదంగం పళని సుబ్రమణ్యం పిళ్ళైతో కలిసి వాయించాడని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మరుసటి ఏడు బ్రూబెక్ బృందం రికార్డు చేసిన 'టేక్ ఫైవ్' ఐదు అక్షరాల తాళం. ఖండచాపులో మనవాళ్ళు రెండు, మూడుగా విడదీస్తే వాళ్ళు మూడు, రెండుగా విడదీశారు. నాకు అందులో కొత్త అనిపించలేదు. పెళ్ళిళ్ళలో డోలు వినీ వినీ పెరిగిన చెవి నాది.

తర్వాత పాత ప్లేయర్ చచ్చిపోయింది, సీడీలు వచ్చాయి, ఎంపీత్రీలు వచ్చాయి, పిల్లల చదువులు వచ్చాయి. ఆ పదిహేనేళ్ళ గురించి చెప్పడానికేమీ లేదు.

మళ్ళీ కదలిక మా బావమరిది వల్ల వచ్చింది. సాఫ్ట్‌వేర్ వాడు, కంపెనీ వాణ్ణి జపాన్ పంపింది. మొదట ఒసాకా, తర్వాత యోకొహామా. ఏం తెమ్మంటావు బావా అని వాడు అడిగితే మా ఆవిడ చాకులు, చెల్లెలు ముఖానికి రాసుకునే క్రీములు చెప్పారు. నేను ఒక కాగితం మీద ఆరు పేర్లు రాసి ఫొటో పంపాను.

జపాన్‌వాళ్ళ జాజ్ పిచ్చి ఎంతటిదో వాడికి అప్పటికి తెలియదు, నాకూ పుస్తకంలో చదివినంతే తెలుసు. యుద్ధం తర్వాత అక్కడ విదేశీ ఎల్పీ కొనడం మామూలు ఉద్యోగి వల్ల అయ్యే పని కాదు. అందుకని జనం కాఫీ కొట్లకి పోయి వినేవాళ్ళు. జాజ్ కిస్సా అంటారు వాటిని. యజమాని దగ్గర వేల రికార్డులు, గోడంత స్పీకర్లు. ఒక్క కాఫీ కొనుక్కుని గంటల తరబడి కూర్చోవచ్చు కానీ చాలా చోట్ల నోరెత్తి మాట్లాడకూడదు. యోకొహామాలో చిగుసా అనే కొట్టయితే యుద్ధానికి ముందే, 1933లోనే మొదలైంది. మావాణ్ణి కూడా ఏదో ఒక కిస్సాకి వెళ్ళిరారా అని పోరు పెట్టాను. వెళ్ళాడు. కూర్చున్న ఐదు నిమిషాలకి మా అత్తగారు వీడియో కాల్ చేసింది. వాడికి గుసగుసలాడటం రాదు, అద్దంకి బస్టాండు పక్కన పెరిగిన గొంతు. యజమాని వచ్చి ఏమీ అనకుండా వంగి నమస్కారం పెట్టి తలుపు చూపించాడట.

మొదటి విడతలో తొమ్మిది రికార్డులు తెచ్చాడు. జపాన్ ఎల్పీకి అట్ట ఎడమ అంచున నిలువుగా ఒక కాగితం పట్టీ చుట్టి ఉంటుంది. ఓబీ అంటారు. కిమోనో మీద కట్టుకునే నడికట్టు పేరే దానికి పెట్టారు. పేరు, ధర, నాలుగు ముక్కల పొగడ్త దాని మీద జపాన్ లిపిలో అచ్చేస్తారు. ఏళ్ళు గడిచేకొద్దీ అవి చిరిగిపోతాయి, పోతాయి, అందుకని ఓబీ ఉన్న రికార్డుకి ధర వేరు. సూట్‌కేసు తెరిచి చూస్తే ఒక్క రికార్డుకీ ఓబీ లేదు. "ఆ చెత్త కాగితాలు ఊడి వస్తంటే తీసి పారేశా బావా, నీటుగా సర్దా" అన్నాడు. నేనేమీ అనలేదు. వాడు మోసుకొచ్చింది ఆరు వేల కిలోమీటర్లకు తక్కువ దూరం కాదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ తొమ్మిదిలో ర్యో ఫుకుయీ 'సీనరీ' ఉంది. సప్పొరో ఊరి పియానిస్టు. ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా పియానో ముట్టుకోలేదు, తర్వాత సొంతంగా నేర్చుకున్నాడు. 1976లో ఈ రికార్డు చేశాడు. అప్పుడు జపాన్ బయట పట్టించుకున్నవాళ్ళు తక్కువ. నలభై ఏళ్ళ తర్వాత యూట్యూబ్ దీన్ని ఊరూరా తోసింది, నా ఫోన్‌కి కూడా అలాగే వచ్చింది. నాది తర్వాత మళ్ళీ అచ్చేసిన ప్రతి, అసలుది కొనే స్తోమత లేదు. ఇంకొకటి 'త్రీ బ్లైండ్ మైస్' కంపెనీది, ఇసావో సుజుకి 'బ్లో అప్'. 1970లో తకేషి ఫుజీ అనే ఆయన టోక్యోలో మొదలుపెట్టిన చిన్న కంపెనీ అది. వాళ్ళ రికార్డుల్లో బాస్ తీగ మీద వేలు జారే చప్పుడు కూడా మన గదిలోనే జరుగుతున్నట్టు వినిపిస్తుంది. మూడోది కావోరు ఆబేది. దాని సంగతి తర్వాత.

ప్లేయర్ కూడా వాడే తెచ్చాడు. ఒసాకాలో ఉన్నప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా కొన్నాడు. బెల్టుతో తిరిగే రకం, బరువు, చెక్క అడుగు. జపాన్ కరెంటు వంద వోల్టులు కాబట్టి మన రెండు వందల ముప్పైని తగ్గించడానికి ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను. అక్కడితో నా తెలివి అయిపోయింది.

దాన్ని పెట్టుకోవడానికి రాయి మా యూనిట్ నుంచే తెచ్చుకున్నాను. చీమకుర్తి గెలాక్సీ అంటే తెలియనివాళ్ళ కోసం: నల్లటి రాయి, లోపల బంగారు రజను చల్లినట్టు మెరుపులు. ప్రపంచంలో చీమకుర్తి చుట్టుపక్కల తప్ప ఇంకెక్కడా దొరకదు. అంచు విరిగిన పలక ఒకటి ఓనరు గారు ఊరికే ఇచ్చారు. రెండడుగులకి అడుగున్నర, పదహారు కిలోలు. ఉత్తి రాయి పెడితే గంటలాగా మోగుతుంది, కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు పరిచాను. ఇక ఎవరు నడిచినా ముల్లు ఎగరదు. పైన ఫ్యాను గాలికి మూత ఊగుతుంది కానీ దాన్ని ఏం చేయలేం, మే నెలలో ఒంగోల్లో ఫ్యాను ఆపి సంగీతం వినగల మహానుభావుడు ఇంకా పుట్టలేదు.

మొదటి రోజు 'సీనరీ' పెట్టాను. పియానో గంభీరంగా, లోతుగా, తొందర లేకుండా వచ్చింది. ఫోన్లో విన్నదానికీ దీనికీ చాలా తేడా. ఎల్పీలో వెచ్చదనం ఉంటుంది, వెచ్చదనం ఉంటుందని అందరూ రాస్తుంటారు కదా, అదే ఇది కాబోలు అనుకున్నాను. ఏదో తేడాగా ఉందని లోపల ఒక మూల అనిపించింది, ఆ మాట నిజం. కానీ అంత డబ్బు పెట్టి, అంత బరువు మోయించి తెప్పించుకున్నాక అనుమానపడటానికి కూడా ధైర్యం కావాలి. మా ఆవిడ మాత్రం రెండో రోజే "ఇదేంటి, తాగినోడు నడుస్తున్నట్టు ఉంది" అంది. నీకేం తెలుసన్నాను.

సన్నాయి పెద్దాయన మా నాన్నకి స్నేహితుడు. నేను మామా అంటాను, ఆయన అల్లుడూ అంటాడు. నా పెళ్ళికి వాయించింది ఆయనే. పళ్ళు ఊడాక వాయించడం మానేశాడు. కళ్ళలో నీటికాసులు, అందుకని రెండు నెలలకొకసారి ఒంగోలు వచ్చి చూపించుకుని, సాయంత్రం బండి దాకా మా ఇంట్లో నడుం వాలుస్తాడు. కరవది అంటే ఒంగోలు తర్వాత రైలు ఆగే చిన్న స్టేషన్ అని మీలో చాలామందికి తెలిసి ఉండొచ్చు. కానీ సన్నాయి లోకంలో అది చిన్న ఊరు కాదు. షేక్ చినమౌలానా పుట్టిన ఊరు. 1924లో ఇక్కడ పుట్టి, చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకుని, తర్వాత శ్రీరంగం వెళ్ళి స్థిరపడి, తంజావూరు బాణీలో అక్కడివాళ్ళ చేతే శభాష్ అనిపించుకున్న మనిషి. 1998లో సంగీత కళానిధి బిరుదు వచ్చింది, మరుసటి ఏడు పోయారు. మామ దగ్గర ఆ పేరు ఎత్తితే చెప్పులు విడిచి మాట్లాడతాడు, అక్షరాలా.

ఆ రోజు మామ కళ్ళలో చుక్కల మందు వేయించుకుని, రెండు కళ్ళూ మూసుకుని సోఫాలో పడుకుని ఉన్నాడు. ఆయన నిద్రపోతున్నాడనుకుని నేను కావోరు ఆబే రికార్డు చిన్నగా పెట్టాను.

ఆబే గురించి చెప్పకుండా ముందుకు పోలేను. కవాసాకిలో 1949లో పుట్టాడు, 1978లో ఇరవై తొమ్మిదేళ్ళకే పోయాడు. ఆల్టో శాక్సఫోన్. పక్కన డ్రమ్ము లేదు, బాస్ లేదు, చాలాసార్లు ఒక్కడే నిలబడి వాయించేవాడు. రాగం లేదు, తాళం లేదు, పాట లేదు. అరుపు, కీచు, ఉన్నట్టుండి నిశ్శబ్దం, మళ్ళీ అరుపు. 1970లో గిటారిస్టు మసాయుకి తకయానగితో కలిసి చేసిన రికార్డొకటి ఉంది, అది పెట్టి గదిలో ఐదు నిమిషాలు కూర్చోగలిగిన చుట్టాలు నాకు ఇంతవరకూ లేరు. ఒంటరిగా వాయించిన రికార్డుల్లో మాత్రం ఒకటి జరుగుతుంది. చుట్టూ ఏమీ లేదు కాబట్టి అతను ఊపిరి పీల్చుకోవడం వినిపిస్తుంది.

పది నిమిషాలయ్యాక సోఫాలోంచి మాట వచ్చింది.

"అల్లుడూ, ఈయన మనిషేనా?"

నవ్వాను. జపానాయన మామా, ఇట్టాగే వాయిస్తాడు, ఆపేయమంటావా అన్నాను.

"వాయించేదాన్ని గురించి కాదబ్బా. ఊపిరి చూడు. పీల్చుకోటానికి అంత సేపు పట్టుద్దా ఎవరికైనా? మేం సన్నాయి పట్టుకుంటే ఇట్టా లాగేసి అట్టా అందుకోవాల. ఈయన చూడబోతే బావిలోంచి నీళ్ళు తోడుకున్నట్టు తోడుకుంటన్నాడు. ఇంత నింపాదిగా పీల్చేవోడు అంత ఆత్రంగా వాయించడు. నీ మిషన్‌లోనే ఏదో ఉంది."

కళ్ళు మూసుకునే చెప్పాడు ఇదంతా.

నేను లేచి 'సీనరీ' అట్ట తీశాను. 'ఎర్లీ సమ్మర్' అనే పాటకి పది నిమిషాల చిల్లర అని అచ్చేసి ఉంది. ముల్లు పెట్టి గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. పన్నెండు దాటింది. ఇంకా వాయిస్తూనే ఉన్నాడు.

జపాన్‌లో కరెంటు రెండు రకాలట. 1890లలో టోక్యోవాళ్ళు జర్మనీ నుంచి సెకనుకి యాభై సైకిళ్ళ, అంటే యాభై హెర్ట్జ్ జనరేటర్లు కొన్నారు, ఒసాకావాళ్ళు అమెరికా నుంచి అరవై సైకిళ్ళవి కొన్నారు. ఈ రోజుకీ దేశం తూర్పు సగం యాభై మీద, పడమర సగం అరవై మీద నడుస్తోంది. పాత ప్లేయర్ల మోటారు కరెంటు సైకిళ్ళని బట్టి తిరుగుతుంది. మోటారు కొసన ఉండే చిన్న పుల్లీ ఆ ఊరికి తగ్గట్టు ఉంటుంది. నా ప్లేయర్ ఒసాకా పుల్లీతో వచ్చింది, మన ఒంగోలు కరెంటు యాభై. అంటే ఆరు తిరగాల్సిన చోట ఐదే తిరుగుతుంది. నిమిషానికి ముప్పై మూడూ మూడో వంతు చుట్లు తిరగాల్సిన రికార్డు ఇరవై ఎనిమిది కూడా తిరగడం లేదు. శ్రుతి మూడు మెట్లు కిందికి దిగిపోయింది. షడ్జం వినిపించాల్సిన చోట కింది స్థాయి చతుశ్రుతి ధైవతం. ఆల్టో శాక్సఫోన్ టెనర్ లాగా మోగుతోంది. ముప్పై అయిదేళ్ళ నా చెవి దాన్ని వెచ్చదనం అనుకుంది.

కొత్త పుల్లీ కోసం జపాన్ నుంచి పార్సిల్ తెప్పించే ఆలోచన చేయలేదు. అంతకు ముందు తెప్పించుకున్న ఒక పార్సిల్ మూడు వారాలు ఎక్కడో ఆగిపోయి, కాగితం మీద కాగితం అడిగించుకుని, చివరికి ఒక మూల నలిగి చేరింది. కర్నూలు రోడ్డులో ఒక లేత్ షాపుకి వెళ్ళాను. బోరు మోటార్ల పని చేస్తారక్కడ. పాత పుల్లీ ఇచ్చి, ఇత్తడిలో దీనికి ఒకటింబావుకి కాస్త తక్కువ, సరిగ్గా ఒకటీ పాయింట్ రెండు రెట్లు లావుది కావాలన్నాను. మేస్త్రి దాన్ని వేలి కొసన పెట్టుకుని "ఏం మోటారు సార్ ఇది, దోమలకి నీళ్ళు తోడేదా?" అన్నాడు. కానీ పని మాత్రం బంగారం. బెల్టు జారకుండా మధ్యలో బొడ్డు కూడా తీశాడు.

మొదటిది ఒక పిసరు నిదానంగా వచ్చింది. తప్పు నాదే, బెల్టు మందాన్ని లెక్కలో కలపలేదు. లెక్కలు రాసి బతికేవాణ్ణి, సిగ్గేసింది. రెండోది కుదిరింది. కుదిరిందో లేదో చూడటానికి గుండ్రటి కాగితం మీద నూట ఎనభై గీతలు గీసిన చక్రం ఉంటుంది. ట్యూబులైటు మన కరెంటుకి సెకనుకి వందసార్లు మిణుకుతుంది కాబట్టి వేగం సరిగ్గా ఉంటే ఆ వెలుగులో గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తాయి. ఇంట్లో అన్నీ ఎల్ఈడీ బల్బులే, వాటి కింద ఏమీ కనిపించలేదు. పాత చోకు ట్యూబులైటు కోసం ఎదురింటివాళ్ళ గొడ్ల చావిడి దాకా వెళ్ళాల్సి వచ్చింది. గేదెల మధ్య ప్లేయర్ పెట్టి, ఎక్స్‌టెన్షన్ వైరు లాగి, గీతలు నిలబడ్డాయో లేదో చూస్తూ నేను నేల మీద బోర్లా పడుకున్న ఫొటో మా అమ్మాయి దగ్గర ఉంది. ఇక్కడ పెట్టను.

నా పరువు కాపాడుకోవడానికి ఒక సంగతి చెప్పాలి. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ' ప్రపంచంలో అందరికీ తెలిసిన జాజ్ రికార్డు. 1959 మార్చి 2న న్యూయార్కులో మొదటి పక్క మూడు పాటలు రికార్డు చేస్తున్నప్పుడు టేపు మిషన్ కాస్త నిదానంగా తిరిగింది. దాన్ని మామూలు వేగంతో వినిపించేసరికి శ్రుతి కొంచెం పైకి పోయింది. అలాగే అచ్చేశారు. 1992లో గానీ దాన్ని సరిచేసి మళ్ళీ విడుదల చేయలేదు. ముప్పై మూడేళ్ళు లోకం మొత్తం తప్పు శ్రుతిలోనే విని మురిసిపోయింది, ఆ శ్రుతికే తమ వాయిద్యాలు సవరించుకుని సాధన చేసినవాళ్ళు ఉన్నారు. నావి ఆరు వారాలే.

సరైన వేగంలో 'సీనరీ' మొదటిసారి విన్నప్పుడు, నిజం చెప్పాలంటే, నచ్చలేదు. ఎవరో తరుముతున్నట్టు అనిపించింది. అలవాటు పడటానికి ఒక వారం పట్టింది. పాత పుల్లీని పారేయలేదు, అగ్గిపెట్టెలో పెట్టి బీరువాలో దాచాను.

ఆ తర్వాత మామ వచ్చినప్పుడల్లా ఒక రికార్డు వినిపించడం ఆనవాయితీ అయింది. ఆయన తీర్పుల కోసం రెండు నెలలు ఎదురుచూస్తాను.

అమెరికా శాక్సఫోన్ విద్వాంసుడు ఆల్బర్ట్ ఐలర్‌ది పెట్టాను ఒకసారి. 1964 జులై 10న న్యూయార్కులో చేసిన 'స్పిరిచువల్ యూనిటీ', మొత్తం అరగంట కూడా ఉండదు. పటాలం బ్యాండులో వాయించిన మనిషి, ఆ కవాతు పాటల్లాంటి తేలిక ట్యూన్ ఒకటి ఎత్తుకుని చింపి పోగులు పెడతాడు. వంటింట్లోంచి మా ఆవిడ "గేదె ఈనలేక అరుస్తన్నట్టుంది, ఆపండి" అంది. మామ చెయ్యెత్తి ఉండమన్నాడు. అయిపోయాక అన్నాడు: "దేవుడి ఊరేగింపులో తెల్లారగట్ట మూడింటికి, నాలుగింటికి, జనమంతా యాడోళ్ళాడ పడి నిద్రపోతారు అల్లుడూ. పల్లకీ మోసేవోళ్ళు, మేళంవోళ్ళు, అంతే. అప్పుడు మేం ఇట్టాగే వాయించుకునేవోళ్ళం. ఎవురికోసం కాదు. పొద్దున్నే అడిగితే ఏం వాయించామో చెప్పలేం." ఇలా కట్టుబాట్లు తెంచుకున్న అవాంట్‌గార్డ్ జాజ్ గురించి నేను చదివిన పేజీలన్నీ పక్కన పెట్టేయాలనిపించింది.

శాక్సఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్ 1966 జులైలో టోక్యోలో చేసిన కచేరీలో ఒకే పాట దాదాపు గంట నడుస్తుంది. మొదట బాస్ వాయించే జిమ్మీ గ్యారిసన్ ఒక్కడే పావుగంట దాకా తీగలు మీటుతాడు, అప్పుడు గానీ కోల్ట్రేన్ రాడు. ఒంటి గొట్టంలా నిటారుగా ఉండే సొప్రానో శాక్సఫోన్ ఆయనది, ఫొటో చూపిస్తే మామ "ఇది మన సన్నాయే, ఇత్తడిలో పోసినట్టుంది" అన్నాడు. కోల్ట్రేన్‌కి మన సంగీతం మీద ఎంత ఇష్టమంటే 1965లో పుట్టిన కొడుక్కి రవిశంకర్ పేరు మీద రవి అని పెట్టుకున్నాడు. ఆ జపాన్ యాత్రలోనే నాగసాకిలో బాంబుకి పోయినవాళ్ళ స్మారకం దగ్గర ప్రార్థన చేశాడు, మరుసటి ఏడు జులైలో తనూ పోయాడు. మామకి ఇవన్నీ చెప్పలేదు. గంట సేపూ విని, "మొదలెట్టడానికే అంత సేపు తీసుకున్నారంటే భయం లేనోళ్ళు" అని మాత్రం అన్నాడు.

అన్నిటికంటే ఆయన్ని ఇరకాటంలో పెట్టింది చార్లీ మరియానో. ఈయన బోస్టన్ వాడు, ఆల్టో శాక్సఫోన్ విద్వాంసుడు, జపాన్ పియానిస్టు తోషికో అకియోషిని పెళ్ళి చేసుకుని కొన్నాళ్ళు ఆమెతో కలిసి వాయించాడు. తర్వాత నాదస్వరం మీద మనసు పడి, మన దేశం వచ్చి కూర్చుని నేర్చుకున్నాడు. 1976 నాటి ఒక రికార్డులో జాజ్ బృందం మధ్య నాదస్వరం ఎత్తుకుంటాడు. జపానూ, జాజూ, సన్నాయీ ఒకే మనిషి జీవితంలో కలవడం చూసి నేను మామ ముందు చాలా ఉత్సాహంగా అది పెట్టాను. మామ చాలాసేపు మాట్లాడలేదు. "సీవాళి మీద పెదవి ఇంకా బెదురుతుంది. కానీ దొర కదా. కావేరి గట్టున గడ్డితో చేసే పుల్ల మీద యాడో అమెరికాలో పుట్టినోడు పెదవి పెట్టాడంటే..." అని ఆగి, "మా పిల్లోళ్ళు పెట్టలేదు" అన్నాడు. ఆయన ముగ్గురు కొడుకుల్లో ఒకడు ఆటో నడుపుతాడు, ఇద్దరు మా గ్రానైట్ యూనిట్ల వైపే పనిచేస్తారు.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా అటక గోడ చెమ్మెక్కి పదకొండు అట్టలకి బూజు పట్టింది. రికార్డుకేమీ కాదు, సబ్బు చుక్క కలిపిన డిస్టిల్డ్ వాటర్‌తో కడిగితే పోతుంది. అట్ట కడగలేం. మొత్తం రెండు వందల పన్నెండు ఉన్నాయి నా దగ్గర, ఇప్పుడన్నీ నేలకి అడుగున్నర ఎత్తులో, గోడకి తగలకుండా, నిలబెట్టి ఉంచుతున్నాను. పడుకోబెడితే మన ఎండలకి అప్పడంలా వంకరపోతాయి. రెండో విడతలో బావమరిది ఓబీలన్నీ జాగ్రత్తగా తెచ్చాడు. విడిగా, ఒక కవర్లో, రబ్బరు బ్యాండు వేసి. ఏది దేనిదో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

మొన్న సంక్రాంతి ముందు మామ వచ్చాడు. కుడి కన్ను దాదాపు పోయింది. "ఆ చచ్చిపోయిన జపాన్ పిల్లోడిది పెట్టు" అన్నాడు. ఆబే రికార్డు, ఈసారి సరైన వేగంలో. ఊపిరి చురుగ్గా, ఆత్రంగా వినిపిస్తోంది. మామ ప్రతి ఊపిరికీ తల ఆడిస్తున్నాడు, తాళం వేస్తున్నట్టు. శాక్సఫోన్ పై స్థాయిలో ఒక స్వరం పట్టుకుని నిలబెట్టింది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఆ ప్లేయర్ పెట్టను, మోటారు గుర్రుమంటుంది. ఆంప్లిఫయర్ ఒక్కటే దాని మీద ఉంది. రికార్డు తిరిగే పళ్ళెం బరువుకి మెల్లగా ఆగుతుంటే ఆ కీచు స్వరం పై నుంచి కిందికి, ఒక్కో మెట్టూ కాదు, నూనె కారినట్టు జారి, జారి, గొంతు కింద గరగరలాడి, నేలలోకి ఇంకిపోయింది.

అరగంటకి కరెంటు వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి పెడదామని ముల్లు ఎత్తాను.

"వద్దు. ఇందాక ఉన్న చోటే పెట్టు" అన్నాడు మామ. "ఆ జారుడు ఇంకోసారి వినాల."

నేను మెయిన్ స్విచ్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.